దెబ్బలు కాని మచ్చలు

ఈమధ్య నర్సింగు చదువుతున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. రిటైరైనవాళ్ళ దగ్గరికి వెళ్ళి అనుభవాలు రాసుకు రమ్మని వాళ్ళ టీచరు పంపించారట. "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదైనా చెప్పండి మేడమ్" అని అడిగారు. వరద నీళ్ళలో పడవ మీద పురుడు పోసిన సంగతి చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివీ నా దగ్గర ఉన్నాయి. చెబితే నాకూ నాలుగు మెచ్చుకోళ్ళు దక్కుతాయి. కానీ ఆ పూట నా నోటికి వచ్చింది ఒక ముసలావిడ చేతి మీద మచ్చల సంగతి. మచ్చలు అనేసరికి పిల్లల మొహాలు చిన్నబోయాయి. ఒకమ్మాయి పాపం మర్యాదకి ఆవులింత ఆపుకుంది. ఇంక లాభం లేదని వాళ్ళకి పడవ కథే చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేశాను. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఆవులింత వస్తే మొహమాటపడకండి.

మామిడికుదురుకీ రాజోలుకీ మధ్య ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నేను చాలాకాలం నర్సుగా చేశాను. జ్వరాలు, పురుళ్ళు, పాముకాట్లు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్ళు, రోజంతా ఇదే సందడి. ముసలివాళ్ళ ఒంటి గురించి మాకు చదువులో చెప్పింది బహు తక్కువ. నాకు తెలిసినదంతా మా పెద్ద డాక్టరుగారు తిట్టి నేర్పినదే.

ఆయన మహా కోపిష్ఠి. అయితే గోదావరి మనిషి కాబట్టి తిట్టినా 'అండీ' వదిలేవారు కాదు. "మీకు బుద్ధుందాండీ సిస్టరుగారూ" అనేవారు. అది మర్యాదో తిట్టో తేల్చుకునేలోపు మాకు పని వచ్చేసేది. ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో చూడాలంటే చేతి వెనక చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లేపి వదిలేయడం మాకు అలవాటు. పసిపిల్లలకి అది పనికొస్తుంది. ముసలివాళ్ళకి అలా చేస్తే మాత్రం ఆయన విరుచుకుపడేవారు.

"ఈ వయసులో చర్మాన్ని పట్టి లేపితే అలా నిలబడే ఉంటుందండీ. నీళ్ళు తాగినా అంతే, తాగకపోయినా అంతే. నాలుక తడిగా ఉందో లేదో చూడండి. చర్మాన్ని వెనక్కి లాగి పట్టుకునే సన్నటి నారలుంటాయి లోపల, వయసుతో అవి వదులైపోతాయి. కింద మెత్తగా ఉండే కొవ్వూ పోతుంది. ఇంక రక్తనాళాలకి కాపలా ఎవరండీ? మీరు మంచిగానే చెయ్యి పట్టుకుంటారు, లోపల చిట్లి రక్తం కమ్ముతుంది."

ఆయన చెప్పినది ఎంత నిజమో నేను ఆ ముసలావిడ దగ్గరే చూశాను. ఆవిడది మా ఆసుపత్రికి దగ్గర్లో, కాలవగట్టు మీద ఇల్లు. ఎనభై దాటిన మనిషి. ఉన్న ఒక్క కొడుకూ లారీ గుద్దుకుని పోయాడు. ఆ కొడుకు భార్యే ఆవిణ్ణి చూసుకునేది. పిల్లల్లేరు. ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. కోడలి పుట్టిల్లు వశిష్ఠ గోదావరికి అవతల, నరసాపురం వైపు. భర్త పోయాక వచ్చెయ్యమని తల్లి కబురు పంపితే, "అత్తయ్యగారు ఒక్కరూ అయిపోతారు" అని ఈ పిల్ల వెళ్ళలేదు. ముసలావిడకి ఒక కూతురు కూడా ఉంది. రావులపాలెంలో ఉంటుంది, వాళ్ళది అరటిగెలల వ్యాపారం. నెలకోసారి బస్సెక్కి వచ్చి తల్లిని చూసి వెళ్ళేది.

ఒకసారి విరేచనాలై ముసలావిణ్ణి మా దగ్గరికి తెచ్చారు. సెలైను పెట్టి సూది కదలకుండా ప్లాస్టరు వేశాం. తగ్గాక మా డ్రెస్సింగు చేసే ఆయన వచ్చి ఆ ప్లాస్టరు ఊడదీశాడు. చెయ్యి తిరిగినవాడే, కబుర్లు చెబుతూ చటుక్కున లాగేస్తాడు, పడుచువాళ్ళకి నొప్పి కూడా తెలియదు. ఆ రోజు ప్లాస్టరుతోపాటు చర్మం పొరలాగా లేచి వచ్చేసింది. అతను పరుగెత్తుకెళ్ళి కబురు చెప్పాడు. పెద్ద డాక్టరుగారు వచ్చి చూసి, మొదటిసారి ఎవరినీ తిట్టలేదు. ఊడిన పొరని తడి దూదితో మెల్లగా వెనక్కి పరిచి, పైన గుడ్డకట్టు కట్టి, "ఇంటికెళ్ళి కట్టు మార్చి రండి సిస్టరుగారూ. ఆ కోడలికి కూడా నేర్పండి" అన్నారు.

అలా డ్యూటీ దిగాక రోజూ ఆ ఇంటికి వెళ్ళడం మొదలైంది. గాయం మానినా నేను వెళ్ళడం మానలేదు. ఆ ఇల్లు నాకు నచ్చింది, నిజం చెప్పొద్దూ. ముసలావిడ మంచం దిగలేకపోయినా మాటకారి. "సిస్టరమ్మా, నా తోలు నా మాట వినట్లేదు. ఎవరిదో వదులు రవిక నాకు తొడిగేసినట్టుంది" అని తన ముంజేతి చర్మాన్ని తనే ఊపి చూపించి నవ్వేది.

కోడలికి ఒకసారి చెబితే చాలు. రెక్క పట్టుకుని లేపొద్దన్నాను, భుజం కింద అరచెయ్యి వేసి లేపడం నేర్చుకుంది. పక్కకి తిప్పాలంటే కింద మడతపెట్టి వేసిన నూలు చీరని పట్టుకుని తిప్పేది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. స్నానానికి రుద్దడం లేదు, తడిగుడ్డతో అద్ది, కొబ్బరినూనె అరచేత్తో రాసేది. నేను కొత్త నర్సులకి చూపించడానికి ఆ పిల్లని ఆసుపత్రికి తీసుకెళదామా అనుకునేదాన్ని. మంచాన పడ్డ మనిషికి పుండు పడకుండా ఏళ్ళ తరబడి చూసుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంతలో మా పెద్ద డాక్టరుగారు రిటైరై వెళ్ళిపోయారు. ఆయన చోటికి కుర్ర డాక్టరుగారు వచ్చారు. నెమ్మదస్తుడు, తూచి మాట్లాడే మనిషి.

ఆ ఏడాది దీపావళి ముందు కూతురు రావులపాలెం నుంచి వచ్చింది. నరక చతుర్దశినాడు తల్లికి తన చేతులతో తలంటు పొయ్యాలని నువ్వులనూనె, నలుగుపిండి కట్టుకుని మరీ వచ్చింది. మా వైపు తలంటంటే నెత్తిన రెండు చెంబులు గుమ్మరించడం కాదు. ఒళ్ళంతా నూనె పట్టించి, నలుగుపిండితో మట్టి ఉండలు రాలేదాకా రుద్దాలి. ఎంత గట్టిగా రుద్దితే అంత ప్రేమ. ఆ కూతురికి చిన్నప్పుడు ఆ తల్లి అలాగే రుద్ది ఉంటుంది.

కోడలు అడ్డం వెళ్ళింది. "నలుగు వద్దన్నారండి వదినగారూ, సిస్టరుగారు. చర్మం ఊడిపోద్దంటండి."

"మా అమ్మకి నేను నలుగు పెట్టుకోడానికి ఆవిడెవరే? ఒళ్ళు చూడు, ఎలా మట్టి కట్టేసిందో. రుద్దడానికి నీకు ఓపిక లేక సిస్టరుగారంటున్నావు" అని కూతురు ఆ పిల్లని అవతలికి పంపేసింది.

ఇది నేను చూడలేదు, కోడలు తర్వాత చెప్పింది. మర్నాడు వెళ్ళేసరికి కూతురు బస్సెక్కి వెళ్ళిపోయింది. ముసలావిడ రెండు ముంజేతుల మీదా, భుజాల మీదా, మోకాళ్ళ కిందా నేరేడుపండు రంగు మచ్చలు. కాలి మీద ఒకచోట చర్మం పొర లేచి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కోడలు గోడకి ఆనుకుని, తప్పు తనదైనట్టు నిలబడింది. ముసలావిడ మాత్రం కళకళలాడుతోంది.

"కోప్పడకు సిస్టరమ్మా. నా కూతురు నలుగు పెట్టింది. ఎన్నాళ్ళయిందో ఒంటి మీద అలా గట్టిగా చెయ్యి పడి. మీరిద్దరూ నన్ను గాజుబొమ్మలా ముట్టుకుంటారాయె" అంది.

మచ్చలు వాటంతట అవే పోతాయి, ప్రమాదం లేదు. కాలికి కట్టు కట్టి వచ్చేశాను. అయితే తర్వాత వారంలోనే ఆవిడకి దగ్గు పట్టుకుంది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. పెద్దాసుపత్రికి తీసుకెళదామంటే ఆవిడే వద్దంది. ఒకరోజు తెల్లవారుతూనే ప్రాణం పోయింది. ఆ వయసుకి అది సుఖమైన చావే అని నేనూ కోడలూ అనుకున్నాం. అది అప్పటి మాట.

పొద్దెక్కేసరికి కూతురు వచ్చింది, చుట్టాలూ వచ్చారు. ఆడవాళ్ళ శవానికి ఆడవాళ్ళే స్నానం చేయిస్తారు కదా. పెరట్లో చీరలు అడ్డంగా కట్టి లోపలికి తీసుకెళ్ళారు. నేను బయట కొబ్బరిచెట్టు కింద నిలబడ్డాను. రవిక విప్పి మొదటి చెంబు పోశారో లేదో, లోపల్నుంచి కూతురు గావుకేక పెట్టింది.

"అందరూ రండమ్మా! మా అమ్మని ఎలా చావబాదిందో చూడండి!"

చీరలు తప్పించుకుని ఆడవాళ్ళందరూ చూశారు. చనిపోయిన మనిషి ఒళ్ళు పాలిపోయి ఉంటుంది, దాని మీద ఆ మచ్చలు ఇంకా నల్లగా కనిపిస్తాయి. చూసినవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కోడలు వేన్నీళ్ళ కాగు పక్కన చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ క్షణంలో ఆ పిల్లకి ఉన్నదల్లా, అత్తగారిని బాగా చూసుకుందనే ఒక్క మంచిపేరు.

పక్కింట్లో ఉండే రిటైరైన మేష్టారిని పిలిచారు. ఆ వీధిలో ఏ తగువైనా ఆయనే తీర్చేవారు. ఆయన చాలా పద్ధతైన మనిషి, వెంటనే ఎవరినీ ఏమీ అనలేదు. ముందు మా కుర్ర డాక్టరుగారికి ఫోన్ చేశారు.

"వయసు వల్ల కూడా అలాంటి మచ్చలు రావచ్చండి. దెబ్బల వల్లా రావచ్చు. చూడకుండా నేను చెప్పకూడదండి" అన్నారట డాక్టరుగారు.

అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. నేనైనా ఫోనులో అదే చెప్పేదాన్నేమో. కానీ 'దెబ్బల వల్లా రావచ్చు' అన్నది తప్ప ఆ పెరట్లో ఎవరికీ ఇంకేమీ వినపడలేదు.

మేష్టారు నా వైపు తిరిగారు. "మీరు వస్తా పోతా ఉండేవారు కదండి సిస్టరుగారూ. మీరేమంటారు?"

"ఇవి దెబ్బలు కావండి మేష్టారూ. ముసలితనంలో చర్మం పల్చబడిపోయి ఊరికే కమిలిపోతుందండి."

కూతురు కళ్ళు తుడుచుకుని ముందుకి వచ్చింది. "వయసు మచ్చలైతే చతుర్దశినాడు లేవేమండి? ఈ చేతుల్తో మా అమ్మకి ఒళ్ళంతా నలుగు పెట్టేను. ఒక్క మచ్చంటే ఒక్క మచ్చ లేదు. నేను వెళ్ళేక వచ్చేయి. నేను వెళ్ళేక ఈ ఇంట్లో ఉన్నదెవరండి?"

ఎంత సూటిగా అడిగిందో చూడండి. కోర్టులో ప్లీడరు కూడా అలా అడగలేడు. దానికి నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. అది చెబితే ఆవిడ గుండె పగులుతుంది, చెప్పకపోతే ఆ పిల్ల బతుకు పోతుంది. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు.

"మీరు నలుగు రుద్దేరు కదండి అమ్మా, ఆ రాపిడికే లోపల చిట్లేయి. పైకి తేలడానికి ఒక పూట పడుతుంది. మర్నాడు నేనే వచ్చి చూసేను. మీ అమ్మగారే చెప్పేరు."

కూతురు తన రెండు అరచేతులూ చూసుకుంది. "అంటే మా అమ్మని నేనే చంపుకున్నానా?" అంది.

"కాదమ్మా, ఆవిడ పోయింది నిమ్ము వల్ల. మచ్చలకీ చావుకీ సంబంధం లేదండి" అన్నాను. నిజం అదే. కానీ ఆ మాట ఆవిడ చెవిన పడలేదు. తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఆ చేతులతోనే నెత్తి బాదుకోవడం మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి, ఊపిరి అందడం లేదు, కళ్ళు తేలేస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు పట్టుకుందామన్నా ఆగడం లేదు.

అప్పుడు కోడలు చెంబు కింద పెట్టి ఆవిడ పక్కన కూర్చుంది.

"మీరు చేసింది కాదండి వదినగారూ. సిస్టరుగారికి తెలీదండి. నేనే... మంచం మీంచి లేపేటప్పుడు గట్టిగా పట్టేసుకున్నానండి. తప్పయిపోయిందండి" అంది.

నేను అరిచాను. "అబద్ధం ఆడకమ్మా" అని భుజం పట్టి కుదిపాను. ఆ పిల్ల నా వైపు చూడలేదు. కూతురు బాదుకోవడం ఆపింది. మెల్లగా ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత కోడలి మొహం మీద ఉమ్మేసింది.

ఇక నా మాటలు ఎవరికి కావాలి? దోషి తనంతట తనే ఒప్పుకుంది. మేష్టారు పోలీసులదాకా వద్దన్నారు, శవం లేచే వేళ పంచనామాలూ కోతలూ ఎందుకన్నారు. అది దయ అనుకున్నారందరూ. పోలీసులు వచ్చి, శవాన్ని కోసి చూసి ఉంటే ఒక కాగితం మీదైనా నిజం ఉండేదని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఏళ్ళ తరబడి ఆ ఒంటికి స్నానం చేయించిన కోడలిని ఆ చివరి స్నానానికి దూరంగా నిలబెట్టారు. దినవారాలు కాకముందే ఆటో పిలిచి, పుట్టింటికి పొమ్మని సంచీతో సహా సఖినేటిపల్లి రేవుకి పంపించేశారు.

ముసలావిడ పోయిన మర్నాడు డాక్టరుగారు నన్ను పిలిచి, "మనది వైద్యం సిస్టర్, పంచాయితీ కాదు" అన్నారు. నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. పాపం ఆయన విన్నారు. తర్వాత ఎప్పుడు ముసలివాళ్ళ మచ్చల మాట వచ్చినా ఫోనులో చెప్పేవారు కాదు, బండేసుకుని స్వయంగా వెళ్ళి చూసి వచ్చేవారు. మంచి డాక్టరు. ఆ పిల్లకి మాత్రం ఆయన మంచితనం ఆలస్యంగా అందింది.

కొన్నాళ్ళాగి నేను రావులపాలెం వెళ్ళాను. కూతురు ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "మా అమ్మ సంగతి తప్ప ఏదైనా మాట్లాడండి సిస్టరుగారూ" అంది. కాఫీ తాగి వచ్చేశాను. ఆవిడకి లోపల తెలుసని నా నమ్మకం. కోడలు దోషి కాకపోతే తను దోషి కావలసి వస్తుంది. ఇద్దరూ దోషులు కారు, చర్మం ముసలిదైపోయిందంతే అంటే, తల్లిని పోగొట్టుకున్న మనిషికి అది మరీ చప్పటి మాటలా ఉంటుంది.

అమలాపురంలో మంచాన పడ్డ ఒకావిణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలంటే ఆ పిల్ల సంగతి చెప్పాను. అంతకంటే మంచి మనిషి జిల్లా మొత్తంలో దొరకదని చెప్పాను. వాళ్ళు సంతోషించారు. తర్వాత ఎవరో బంధువుల ద్వారా వాకబు చేసుకుని, "అత్తగారిని కొట్టిందటండి కదా" అని ఫోన్ పెట్టేశారు. ఇంకో రెండిళ్ళలోనూ అదే మాట. ఆ తర్వాత నేను అడగడం మానేశాను.

నేను రిటైరయ్యాక ఒక పెళ్ళికని నరసాపురం వెళుతూ సఖినేటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కాను. మోటారుసైకిళ్ళ మధ్య రెయిలింగు పట్టుకుని నిలబడితే, "సిస్టరుగారండీ" అని ఎవరో పిలిచారు. తనే. జుట్టు నెరిసింది. అవతలి ఒడ్డున రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తోందట. చేతులకి తొడుగులు వేసుకుంటారు కాబట్టి చర్మం పాడవదని తనే చెప్పింది.

అడక్కూడదనుకుంటూనే అడిగాను. "ఎందుకలా ఒప్పుకున్నావమ్మా ఆ రోజు?"

"ఆవిడ మొహం చూడలేకపోయేనండి. ఆ పూటకి ఊరుకుంటారు కదా, తరవాత మీరు ఉన్నారు, అందరికీ సర్దిచెబుతారనుకున్నానండి." తప్పుపడుతున్నట్టు లేదు ఆ గొంతులో. అందుకే నాకు ఏడుపొచ్చింది. "తరవాత్తరవాత నాకే అనుమానం పట్టుకుందండి. అంతమంది అంటున్నారు, ఎప్పుడైనా నిద్రమత్తులో నేనే గట్టిగా పట్టుకున్నానేమోనని."

"లేదమ్మా. నువ్వు కాదు. నేను చూశాను కదా."

"ఆయ్" అని తలూపింది. నమ్మలేదు. నా మనసు నొప్పించకూడదని అంది.

"మీ అమ్మగారు బావున్నారా?" అన్నాను.

"పోయేరండి, నిరుడు. మెట్టు దిగుతుంటే కాలు జారిందండి. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి చాపేను. ఆవిడ రెక్క నా చేతికి అందింది కూడానండి." గాలికి మొహం మీద పడుతున్న జుట్టు తీసుకోకుండా నీళ్ళవైపు చూస్తూ చెప్పింది. "పట్టుకోలేకపోయేను. పట్టుకుంటే కమిలిపోద్దని చెయ్యి వెనక్కి తీసేసుకున్నానండి. తుంటి విరిగింది. మరి లేవలేదు."

పంటు ఒడ్డుకి వచ్చింది. జనం దిగడానికి తోసుకుంటున్నారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుందామని చూశాను. ఒక అడుగు వెనక్కి వేసి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

"అమ్మకి చివరి స్నానం చేయించినవాళ్ళు చేతులూ భుజాలూ తిప్పి తిప్పి చూసేరండి. ఒక్క మచ్చ లేదు. కూతురంటే నువ్వేనమ్మా, తల్లిని ఎంత బాగా చూసుకున్నావోనన్నారండి."